వెబ్ ఆప్షన్ల వరస మీ చెల్లెలే రాయాలి

నాయనా, నీ ప్రశ్న నిదానంగా చదివాను. మీది పత్తికొండ దగ్గర పల్లె. నాన్నది ఐదెకరాల మెట్ట, వేరుశనగ, టమోటా. నువ్వు బెంగళూరులో చిన్న ఉద్యోగంలో ఉన్నావు. చెల్లెలు ఎంపీసీ పూర్తి చేసి ఈఏపీసెట్‌లో మధ్యరకం ర్యాంకు తెచ్చుకుంది. ఆమె అనంతపురం జేఎన్టీయూ కాలేజీ అంటోంది, అక్కడ సివిలో మెకానికలో వచ్చేలా ఉంది. నాన్న కర్నూలులో ఏదైనా ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) చాలంటున్నాడు. మీ మేనమామ బెంగళూరులో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి పెడతానంటున్నాడు. అమ్మకు హాస్టల్ అంటేనే భయం. వీటన్నిటి మధ్య ఆ పిల్లకు లెక్కలంటే ప్రాణం. "మేడం, మీ దగ్గర చదివిన పిల్లలు ఎట్ల ఎంచుకున్నారు, చేరినాక ఏమనుకున్నారు?" అని అడిగావు.

నేను కర్నూలులో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ కౌన్సెలింగ్ రోజులొస్తే పాత విద్యార్థులు తమ తమ్ముళ్ళను, చెల్లెళ్ళను వెంటబెట్టుకుని ఇంటికి వస్తారు. వాళ్ళ దగ్గర చూసినవి, విన్నవే నీకు చెప్తాను. ర్యాంకు వచ్చేసింది, దాన్ని మనం మార్చలేం. మన చేతిలో మిగిలింది ఆప్షన్ల వరస ఒక్కటే, అంటే కావలసిన కాలేజీ, బ్రాంచీలను ఇష్టం కొద్దీ ఒకదాని కింద ఒకటి కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో పెట్టే జాబితా. ఆ వరసను మీ చెల్లెలు తన చేత్తో రాయాలి. రాసేముందు ఆ కాలేజీలను కళ్ళతో చూసి ఉండాలి, ఇంట్లో డబ్బు లెక్క ఎంతో ఆమెకు తెలిసి ఉండాలి. నా దగ్గరికి వచ్చి తర్వాత బాధపడిన పిల్లల్లో చాలామందికి ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పింది. వచ్చిన ర్యాంకు తక్కువని బాధపడిన వాళ్ళు ఏడాది తిరిగేసరికి దాన్ని మర్చిపోయారు.

ముందు ఆప్షన్ల సంగతే చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ కూర్చోబెట్టి వివరించరు. మీ చెల్లెలి ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ ఆమె రాసిన మొదటి ఆప్షన్ చూస్తుంది. అందులో ఆమెకు వర్తించే సీటు మిగిలి ఉంటే ఇచ్చేస్తుంది. లేకపోతే రెండోది, తర్వాత మూడోది. సీటు దొరికిన చోట ఆగుతుంది, దాని కింద రాసినవాటి జోలికి పోదు. అందుకని "వచ్చేలా ఉన్నది పైన పెడదాం, రానిది కింద పెడదాం" అనే లెక్క పనికిరాదు. రాదేమో అనిపించినా, ఎక్కువ ఇష్టమైనదే పైన ఉండాలి. అది రాకపోతే పోయేదేమీ లేదు, కిందిది వస్తుంది. ఎన్ని ఆప్షన్లు పెట్టినా నష్టం లేదు. చేరే ఉద్దేశం లేని కాలేజీని "ఉంటే ఉండనీలే" అని మధ్యలో ఇరికించినప్పుడే నష్టం. నాలుగే నాలుగు ఆప్షన్లు పెట్టి ఏ సీటూ రాకుండా కూర్చున్న పిల్లలనూ చూశాను.

కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కేటగిరీల వారీగా, అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేరువేరుగా అధికారిక వెబ్‌సైట్లో ఉంటుంది. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు కేటాయిస్తారు, కాబట్టి అబ్బాయిల ర్యాంకులు చూసి భయపడొద్దు. ఆ పట్టిక దగ్గర పెట్టుకుని తెల్లకాగితం మీద వరస రాసుకోమను. దాన్ని కొన్ని రోజులు గోడకు అంటించి మార్చుకుంటూ పోతే, కంప్యూటర్ ముందు కూర్చునేసరికి చేయి వణకదు.

ఈ వరసను ఇంకొకరి చేతికి ఇవ్వొద్దని గట్టిగా చెప్తున్నాను. వేసవిలో కొన్ని కాలేజీల మనుషులు ఊరూరూ తిరుగుతారు. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు తీసుకుని "ఆప్షన్లు మేమే పెట్టిస్తాం, మీకు పైసా ఖర్చు లేదు" అంటారు. ఎమ్మిగనూరు వైపు చేనేత కుటుంబం నుంచి ఒక పిల్ల వచ్చింది, చాలా తెలివైనది. ఫోనుకు వచ్చిన ఓటీపీని నమ్మకంగా వాళ్ళకు చెప్పేసింది. మేం లోపలికి వెళ్ళి చూస్తే మొదటి ఆరు ఆప్షన్లూ ఒకే కాలేజీవి, బ్రాంచి పేర్లు మాత్రమే వేరు. ఆ పిల్ల ర్యాంకుకు అంతకంటే మంచి కాలేజీలు చాలా ఉన్నాయి. గడువు మిగిలి ఉంది కాబట్టి అన్నీ చెరిపి మళ్ళీ రాసింది. గడువు దాటి ఉంటే ఆ ఇంట్లో ఎవరికీ ఏం జరిగిందో కూడా అర్థమయ్యేది కాదు. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు. నెట్ సెంటరుకు వెళ్ళినా చెల్లెలే కుర్చీలో కూర్చోవాలి. సేవ్ చేశాక ప్రింటు తీసుకుని, గోడ మీది కాగితంతో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

స్థానికత గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో, 85 శాతం ఆ ప్రాంతం వాళ్ళవి. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ప్రాంతం కిందికి వస్తాయి, కోస్తాలో మిగతావి ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) కిందికి. ఇంటర్ ముగిసేనాటికి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులు. అట్లా నాలుగేళ్ళు ఒకేచోట కుదరకపోతే ఆరో తరగతి నుంచి ఏడేళ్ళు తీసుకుని, ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. పదో తరగతి దాకా పత్తికొండలో చదివి ఇంటర్‌కు విజయవాడ వెళ్ళిన పిల్ల ఎస్వీయూ స్థానికురాలే. ఎనిమిదో తొమ్మిదో తరగతి నుంచే గుంటూరు, విజయవాడ హాస్టళ్ళలో పెట్టిన పిల్లలు మాత్రం ఏయూ కిందికి పోతారు. తల్లిదండ్రులకు ఇది సర్టిఫికెట్ల పరిశీలన రోజున తెలుస్తోంది. మీ చెల్లెలు అంతా ఇక్కడే చదివింది కాబట్టి ఇబ్బంది లేదు. నువ్వు మీ బంధువులందరికీ ఈ మాట చెప్పు, చాలామంది చిన్న పిల్లలను దూరం పంపే ఆలోచనలో ఉంటారు.

ఇక మామ చెప్పే బెంగళూరు. మన మూడు ఊళ్ళ పిల్లల చూపు మూడు దిక్కులకు పోతుంది. కర్నూలు వాళ్ళకు హైదరాబాదు, అనంతపురం వాళ్ళకు బెంగళూరు, కడప వాళ్ళకు తిరుపతి, చెన్నై. బస్సెక్కితే తెల్లారేసరికి దిగే ఊళ్ళు కాబట్టి అది సహజమే, తప్పు పట్టను. విభజన చట్టం ప్రకారం హైదరాబాదు కాలేజీల్లో మనకు కొనసాగిన పాత ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్ 2తో, పదేళ్ళు నిండి ముగిసింది. అది తెలియక ఇంకా "ఓయూ క్యాంపస్‌లో సీటు" అని ఆశపడే వాళ్ళున్నారు. బెంగళూరుకు మన ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. మేనేజ్‌మెంట్ సీటుకైతే ఇక్కడ కర్నూలులోనూ వర్తించదు. మీ నాన్నకు ఈ రెండు వాక్యాలు ముందుగా చెప్పు.

గుత్తి దగ్గరి పిల్లోడు ఒకడు బెంగళూరులో మేనేజ్‌మెంట్ సీటు తీసుకున్నాడు. వాడు చెడిపోయాడని చెప్పడానికి ఈ కథ ఎత్తలేదు. బుద్ధిగా చదివాడు, ఉద్యోగం వచ్చింది, అప్పు తీరుస్తున్నాడు. కానీ ఆ నాలుగేళ్ళలో ఇంట్లో ఏం జరిగిందో వాడే ఒకసారి నా ముందు కూర్చుని చెప్పాడు. మొదటి ఏడాది ఫీజుకు చేతిలో దుడ్లు సరిపోయాయి. రెండో ఏడాది వేరుశనగ పోయింది, వడ్డీకి తెచ్చారు. మూడో ఏడాది వాడి చెల్లెలు ఇంటర్ పాసైంది. ఇద్దరినీ చదివించలేమని ఆ పిల్లను ఆపేశారు, పెళ్ళి చేశారు. "నాకు సీటు కొన్న దుడ్లలో సగం పెట్టింటే దానికి డిగ్రీ అయ్యేది మేడం" అన్నాడు. కాలేజీ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. మీ ఇంట్లో మీ చెల్లెలి తర్వాత ఇంకెవరైనా చదవాల్సిన వాళ్ళున్నారేమో నువ్వు రాయలేదు. ఉంటే వాళ్ళ చదువును కూడా ఈ లెక్కలో కలుపు.

లెక్క అంటే మొదటి ఏడాది ఫీజు ఒక్కటే కాదు. నాలుగేళ్ళకూ వేసి చూడండి. ఫీజు, హాస్టల్, మెస్, బస్సు, ల్యాప్‌టాప్, పరీక్షల ఫీజులు, మూడో ఏడాదిలో "ట్రైనింగ్" పేరుతో అడిగేది, పండక్కి ఇంటికి వచ్చి పోయే ఛార్జీలు. కన్వీనర్ కోటాలో ప్రైవేటు కాలేజీ ఫీజు ఏడాదికి సుమారు 40 వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షల లోపు ఉంటే రీయింబర్స్‌మెంట్‌కు అర్హత, ఐదెకరాల మెట్ట దానికి అడ్డు కాదు. హాజరు 75 శాతం తగ్గకూడదు. ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేసిన ఏడాది కొన్ని కాలేజీలు పిల్లలనే కట్టమని ఒత్తిడి చేస్తాయి, హాల్‌టికెట్ ఆపుతామంటాయి. చేరేముందు అక్కడి రెండో ఏడాది పిల్లలను ఇదే మాట అడగాలి: "రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఇక్కడ ఏం చేస్తారు?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులో ఆ యాజమాన్యం గుణం తెలిసిపోతుంది. అప్పు తప్పదనుకుంటే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకముందు బ్యాంకుకు పోండి. విద్యారుణం ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే పద్ధతి ఉంది, విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెట్టొచ్చు.

ఇప్పుడు అసలు పేచీ. అనంతపురంలో సివిలా, కర్నూలులో సీఎస్ఈనా?

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. "జేఎన్టీయూ" అన్న మాట మన ప్రాంతంలో సగం ప్రైవేటు కాలేజీల బోర్డుల మీద కనిపిస్తుంది. అవి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నవి మాత్రమే. విశ్వవిద్యాలయం తానే నడిపే ఇంజినీరింగ్ కాలేజీలు అనంతపురం, పులివెందుల, కలికిరిలో ఉన్నాయి. అనంతపురంది 1946లో ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది, 1972లో జేఎన్టీయూలోకి వచ్చింది, 2008లో అనంతపురం కేంద్రంగానే ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇన్ని దశాబ్దాలుగా అక్కడినుంచి బయటికి వెళ్ళిన ఇంజినీర్లు నీటిపారుదల శాఖలో, విద్యుత్ సంస్థల్లో, కంపెనీల్లో ఉన్నారు. దాని లాభం తరగతి గదిలో కంటే హాస్టల్లో ఎక్కువగా అందుతుంది. దేవనకొండ వైపు పిల్లోడు ఒకడు అక్కడ మెకానికల్ తీసుకున్నాడు. ఇంట్లో అందరూ "మెకానికల్ తీసుకుని ఏం చేస్తావు" అన్నారు. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. తెలుగు మీడియం పిల్లోడు, ఇంగ్లీషులో చెప్పేది చెవిలో పడేది కానీ మనసుకు ఎక్కేది కాదు. సీనియర్లు రాత్రిళ్ళు కూర్చోబెట్టి తెలుగులో అర్థం చెప్పి, ఇంగ్లీషులో రాయించారు. మూడో ఏడాదికి వాళ్ళతోపాటే ఎంటెక్ ప్రవేశ పరీక్ష అయిన గేట్‌కు చదవడం మొదలుపెట్టాడు, ఎంటెక్‌కు వెళ్ళాడు. "నాకు గేట్ అనేది ఒకటుందని హాస్టల్లో తెలిసింది మేడం, క్లాసులో కాదు" అన్నాడు.

దీన్నిబట్టి సీఎస్ఈ వద్దని నేననను. ఉద్యోగాలు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వైపే ఉన్నాయి, నాన్న భయం ఊరికే వచ్చింది కాదు. కర్నూలులో, నంద్యాలలో, అనంతపురంలో, కడపలో దశాబ్దాల పేరున్న ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి, మంచి అధ్యాపకులు ఉన్నారు, అక్కడ చదివి బాగుపడిన నా పిల్లలు ఎంతమందో. కాకపోతే "ఏదైనా ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ" అన్న మాటలో "ఏదైనా" అన్నది ప్రమాదం. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ బ్రాంచికి ఉన్న సీట్ల గరిష్ఠ పరిమితిని ఎత్తేసింది. సీఎస్ఈ, సీఎస్ఈ-ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అని పేర్లు పెట్టి సెక్షన్లు పెంచిన కాలేజీలున్నాయి. పేరు చూసి మురిసిపోవద్దు. ఎన్ని సెక్షన్లు, వాటికి ఎంతమంది అధ్యాపకులు, పోయినేడు చెప్పిన వాళ్ళు ఈ ఏడూ ఉన్నారా అని అడగండి. అధ్యాపకులు ఏడాదికోసారి మారిపోయే చోట ఏ బ్రాంచి అయినా ఒకటే.

నా అభిప్రాయం కూడా దాచకుండా చెప్తాను. మీ చెల్లెలి జాబితాలో పైన విశ్వవిద్యాలయ కాలేజీల్లో ఆమె కోరుకునే బ్రాంచీలు ఉండాలి, సీఎస్ఈ రాదనిపించినా సరే పైన రాయాలి. ఆ తర్వాత మంచి పేరున్న స్వయంప్రతిపత్తి (సొంతంగా సిలబస్, పరీక్షలు పెట్టుకునే) కాలేజీల్లో సీఎస్ఈ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). ఆ తర్వాతే అనంతపురం సివిల్, మెకానికల్. వాటి కింద కూడా చేరినా ఫరవాలేదనుకునే కాలేజీలు ఇంకొన్ని. ఆమె సివిల్ నిజంగా ఇష్టమై అడుగుతుంటే అది ఇంకా పైకి పోవాలి. ఇష్టమా, లేక "జేఎన్టీయూ" అన్న పేరు మీద మోజా అన్నది ఆమెను నువ్వే మెల్లగా అడుగు. సివిల్ తీసుకుంటే ఏం చదవాలో సిలబస్ తీసి చూపించు. మన రాష్ట్రంలో ఇంజినీర్ ఉద్యోగాలకు ఏపీపీఎస్సీ పరీక్షలు ఉంటాయి, 2019లో గ్రామ సచివాలయాలకు ఇంజినీరింగ్ అసిస్టెంట్లను తీసుకున్నారు. అవి ఎప్పుడు పడతాయో ఎవరి చేతిలోనూ లేదు, ఎదురుచూసే ఓపిక ఉండాలి. సివిల్, మెకానికల్‌లో చేరినా అదనపు క్రెడిట్లతో కంప్యూటర్ సైన్స్ మైనర్ (అదనపు ఉప విషయం) చేసే వీలు జేఎన్టీయూఏ నిబంధనల్లో ఉంది. లెక్కలు బాగా వచ్చిన పిల్లకు అది కష్టం కాదు.

కర్నూలు జగన్నాథగట్టు మీద ఐఐఐటీడీఎం అనే ఇంజినీరింగ్ సంస్థ ఉంది కదా, మన ఊరి వాళ్ళకు కోటా ఉండదా అని అడిగేవాళ్ళు చాలామంది. 2015లో వచ్చిన కేంద్ర సంస్థ అది. సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద దేశమంతటికీ కలిపి ఇస్తారు, సొంత రాష్ట్రం వాటా అంటూ లేదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వేరే సంగతి. అది పదో తరగతి మార్కుల మీద తీసుకునే ఆరేళ్ళ చదువు, మీ చెల్లెలికి ఆ దారి దాటిపోయింది. పదో తరగతికి వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే గుర్తుపెట్టుకోండి.

కాలేజీలను చూసి రావడం గురించి. మీ నాన్న ఎమ్మిగనూరు జాతరలో ఎద్దును ఫోటో చూసి కొనడు. పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు, పాత యజమానిని అడుగుతాడు. కాలేజీని కూడా అట్లాగే చూడండి. కాలేజీ వాళ్ళు పిలిచిన రోజు కాకుండా మామూలు పనిరోజున వెళ్ళండి. ఆఫీసులో కూర్చోబెట్టి చూపించే వీడియో చూసి లేచిరావొద్దు. గేటు ఎదురుగా టీ బంకు దగ్గర ఆఖరి ఏడాది పిల్లలు ఉంటారు. వాళ్ళను చెల్లెలే అడగాలి, నువ్వు కాదు. ఆడపిల్లలు ఆడపిల్లకు చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. హాస్టల్లో నీళ్ళు ఎండాకాలం వస్తాయా, రాత్రి జ్వరమొస్తే ఎవరు తీసుకుపోతారు, వార్డెన్ ఫోన్ ఎత్తుతుందా, ల్యాబ్‌లో ఒక సిస్టం ముందు ఎంతమంది కూర్చుంటారు, ఆఫర్ లెటర్ వచ్చిన వాళ్ళలో ఎంతమందిని కంపెనీ నిజంగా చేర్చుకుంది. ఫ్లెక్సీల మీద ఉండే ప్యాకేజీలు ఒకరిద్దరివి. మధ్యలో ఉన్న పిల్లకు ఎంత వస్తోందో తెలియాలి. కేంద్రం కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్‌కు పంపిన సమాచారాన్ని కాలేజీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి, అందులో ఉద్యోగం వచ్చినవాళ్ళ మధ్యస్థ జీతం ఉంటుంది. నాణ్యతకు ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇచ్చేది. మీరు చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా లేదా అన్నది చూడండి.

అమ్మను కూడా తీసుకుపోండి. పత్తికొండ నుంచి గుత్తి మీదుగా అనంతపురం చేరి, క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ దగ్గర అరగంట కూర్చుంటే ఆమె భయం సగం తగ్గుతుంది, లేదా ఆ భయానికి కారణం ఏదో స్పష్టంగా తెలుస్తుంది. రోజూ ఇంటినుంచి కర్నూలుకు తిరగొచ్చని అమ్మ అనుకుంటుంటే మాత్రం ఒప్పుకోవద్దు. కోడుమూరు అవతలి పల్లె నుంచి ఒక పిల్ల అట్లా తిరిగింది. పొద్దున చీకట్లో బస్సెక్కి, రాత్రి ఇల్లు చేరి, పుస్తకం పట్టుకుంటే నిద్ర. రెండో ఏడాదిలో హాస్టల్‌కు మారాక ఆ పిల్ల మార్కులే మారిపోయాయి.

చివరగా లెక్కలు. నీ ఉత్తరంలో ఈ సంగతి ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు, నాకు అన్నిటికంటే అదే ముఖ్యంగా కనిపించింది. లెక్కలంటే ప్రాణమైన పిల్లకు ఇంజినీరింగ్ ఒక్కటే దారి కాదు. మన ఇళ్ళలో ఎంపీసీ అనగానే బీటెక్ అని ఖాయం చేసేస్తాం, లెక్కలు చదువుకోవచ్చన్న మాట ఆ పిల్ల చెవిన ఎవరూ వేయరు. కర్నూలులో కేవీఆర్ ప్రభుత్వ మహిళా కాలేజీ ఉంది, ఇప్పుడు క్లస్టర్ విశ్వవిద్యాలయంలో భాగం. సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కాలేజీ కూడా అందులోదే. ఇక్కడ డిగ్రీకి ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా చేరొచ్చు. అనంతపురంలోనే సత్యసాయి విద్యాసంస్థ మహిళా ప్రాంగణం ఉంది, 1968 నుంచి నడుస్తోంది. ట్యూషన్ ఫీజు తీసుకోరు, ప్రవేశ పరీక్ష వాళ్ళే పెడతారు, క్రమశిక్షణ చాలా గట్టిగా ఉంటుంది. అది ఆమె మనస్తత్వానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి, 2018లో అనంతపురంలో మొదలైన మన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి ఉండాలి. ఈ ఏడాది రాయకపోయి ఉంటే డిగ్రీ తర్వాత మళ్ళీ తలుపు తెరుచుకుంటుంది. ఎమ్మెస్సీకి ఐఐటీలు పెట్టే జామ్ ఉంది, రాష్ట్రంలో పీజీసెట్ ఉంది. దాని ద్వారా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాలకు వెళ్ళొచ్చు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇంజినీరింగ్ సీటు వదులుకుని కేవీఆర్‌లో బీఎస్సీ చేరింది. బంధువులు ఏడాది పాటు ఆ ఇంటికి వచ్చి మరీ తిట్టిపోయారు. ఎమ్మెస్సీ కడపలో చేసింది, ఇప్పుడు పాఠాలు చెప్తోంది. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళతో సమానంగా లేదని ఆమే చెప్తుంది. అయినా పండక్కి వచ్చినప్పుడు గంటసేపు నాతో ఒక లెక్క గురించే మాట్లాడి పోతుంది. మీ చెల్లెలిని ఒకరోజు ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడుగు: ఫీజు, ఉద్యోగం, మామ మాట, ఏవీ లేకపోతే ఏం చదువుతావని. వచ్చిన జవాబును నాన్నకు నువ్వు చెప్పాలి. ఆ పిల్ల చెప్పుకోలేకపోవచ్చు, ఇంట్లో సంపాదిస్తున్న అన్నవు కాబట్టి నీ మాటకు విలువుంటుంది.

రెండో విడత కౌన్సెలింగ్ గురించి జాగ్రత్త. మొదటి విడతలో సీటు వచ్చాక మళ్ళీ ఆప్షన్లు పెడితే, కొత్త సీటు రాగానే పాతది దానంతట అదే పోతుంది. మళ్ళీ పాతది కావాలంటే ఎవరూ ఇవ్వరు. అందుకని రెండో విడతలో చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవే రాయాలి. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లకు కాలేజీలోనే జరిగే స్పాట్ అడ్మిషన్లో చేరితే రీయింబర్స్‌మెంట్ ఉండదు. ఇంకొక మాట, ఎక్కడ చేరినా ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే అధికారం కాలేజీకి లేదు. 2018లో యూజీసీ ఇచ్చిన ఉత్తర్వులో సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలని, సీటు వదులుకుంటే ప్రవేశాల చివరి తేదీని బట్టి ఫీజులో ఎంత భాగం తిరిగివ్వాలో స్పష్టంగా ఉంది. చివరి తేదీకి పదిహేను రోజుల ముందే వదులుకుంటే, స్వల్పంగా ఖర్చుల కింద పట్టుకుని మొత్తం ఇవ్వాలి. మామ బెంగళూరులో అడ్వాన్సు కట్టే మాటెత్తితే, రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దని చెప్పు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ర్యాంకు కార్డు, హాల్‌టికెట్, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం లేదా రైస్ కార్డు. ఆర్థికంగా వెనుకబడిన ఓసీ అయితే ఈడబ్ల్యూఎస్ పత్రం తాజాది కావాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. తేడా ఉంటే రేపు పొద్దున్నే గ్రామ సచివాలయానికి వెళ్ళండి. కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించాక అక్కడ వరుస బయటి దాకా ఉంటుంది.